కుండీలో హెయిర్‌లూమ్ టమాటా: మట్టి సంగతి తేల్చుకున్నాకే విత్తనాలు కొనండి

శ్రావణం వచ్చిందంటే చాలు, మిద్దెతోట ఉన్నవాళ్ళందరికీ టమాటా విత్తనాల మీదికి మనసు పోతుంది, అందులోనూ ఈ మధ్య హెయిర్‌లూమ్ రకాల పిచ్చి బాగా ముదిరింది. చెరోకీ పర్పుల్, బ్రాండీవైన్, బ్లాక్ క్రిమ్ అంటూ చిన్న ప్యాకెట్‌కి బోలెడు డబ్బులు పోసి తెప్పించుకుంటారు. తీరా డిసెంబర్‌కి చూస్తే మొక్క నిలువెత్తు ఉంటుంది, కాయలు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కాసిన ఆ నాలుగింటికీ అడుగు నల్లబడి ఉంటుంది. అప్పుడు వినిపించే మాట ఒకటే, "ఫారిన్ విత్తనాలు మన ఎండలకి పనికిరావండీ" అని. నేనైతే ఈ మాట సగమే ఒప్పుకుంటా. ఎండల సంగతి నిజమే, కింద చెప్తా. కానీ చాలా ఇళ్ళల్లో అసలు గొడవ గ్రో బ్యాగులో ఏం పోశారన్న దగ్గరే మొదలవుతుంది, విత్తనం పాపం దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

ముందు హెయిర్‌లూమ్ అంటే ఏంటో చూద్దాం, ఎందుకంటే అమ్మేవాళ్ళు వింత రంగున్న ప్రతి టమాటాకీ ఆ పేరు తగిలించేస్తున్నారు. తరతరాలుగా ఇళ్ళల్లో విత్తనం దాచుకుంటూ వచ్చిన రకం అది, గింజ వేస్తే మళ్ళీ అదే కాయ రావాలి. ఎఫ్1 హైబ్రిడ్ అయితే రెండు వేరు వేరు రకాల్ని కలిపి చేసింది, దాని కాయలోంచి గింజ తీసి వేస్తే ఏమొస్తుందో చెప్పలేం. చెరోకీ పర్పుల్ సంగతే చూడండి, 1990లో అమెరికాలోని టెనసీ నుంచి జాన్ గ్రీన్ అనే ఆయన పేరులేని ఊదారంగు టమాటా గింజలు కొన్ని క్రెయిగ్ లెహూలియర్ అనే టమాటా పిచ్చోడికి పోస్టులో పంపాడు, చెరోకీలనే అక్కడి ఆదివాసీ తెగ దగ్గర్నుంచి వచ్చిన విత్తనమని చెప్పడంతో ఈయన ఆ పేరు పెట్టాడు, ఇప్పుడది మన కూకట్‌పల్లి మిద్దెల దాకా వచ్చేసింది. మార్ట్‌గేజ్ లిఫ్టర్ అని ఇంకోటుంది, వెస్ట్ వర్జీనియాలో రేడియేటర్లు బాగుచేసుకునే ఒకాయన 1940ల్లో దాని మొక్కలు డాలరుకొకటి చొప్పున అమ్మి ఇంటి మీదున్న ఆరువేల డాలర్ల అప్పు తీర్చేశాడట.

మన దగ్గర ఆ లెక్కలోకి వచ్చేది నాటు టమాటా. కాస్త నొక్కినట్టు బల్లపరుపుగా, ఒళ్ళంతా గాట్లు పడి, తోలు పల్చగా ఉంటుంది, పప్పులో నాలుగు వేస్తే చింతపండు అవసరం లేనంత పులుపు. పూసా రూబీ, అర్కా వికాస్ లాంటివి పరిశోధన సంస్థలు విడుదల చేసినవి కాబట్టి వాటిని హెయిర్‌లూమ్ అనలేం గానీ హైబ్రిడ్లు కావు, విత్తనం దాచుకోవచ్చు. మొదటిసారి పెంచేవాళ్ళు నాటు రకంతోనో వీటితోనో మొదలుపెడితే మనసుకి ఎంతో సుఖం.

సుఖం అని ఎందుకంటున్నానంటే, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ వాళ్ళ అర్కా రక్షక్ లాంటి హైబ్రిడ్‌కి ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఎర్లీ బ్లైట్ అనే ఆకుమచ్చ తెగులు మూడింటినీ తట్టుకునే గుణం పుట్టుకతోనే పెట్టారు. పాత రకాలకి చాలావాటికి అలాంటి రక్షణ లేదు, జనం వాటిని దాచుకున్నది రుచి కోసం. అంటే వేరు దగ్గర కాస్త ఇబ్బంది వచ్చినా హైబ్రిడ్ ఏదోలా నెట్టుకొస్తుంది, హెయిర్‌లూమ్ మాత్రం వెంటనే ముఖం వేలాడేస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. పొలంలో పోసిన నీళ్ళు కిందికి దిగుతూనే ఉంటాయి, అడుగుల లోతున్న నేల వాటిని లాక్కుంటూ పోతుంది. కుండీలో అలా లాక్కునే నేల లేదు. బెజ్జాలు ఎన్ని పెట్టినా సరే నీళ్ళు అడుగుకొచ్చి కొంత మేర అక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే మట్టి రేణువుల మధ్య ఉండే సన్నని సందులు వాటిని పట్టుకుంటాయి, తమ బరువుకి తాము కిందికి జారేంత బలం ఆ నీళ్ళకి ఉండదు. గిన్నెలు తోమే స్పాంజ్ ఒకటి నీళ్ళల్లో ముంచి అరచేతిలో పడుకోబెట్టి పట్టుకోండి, కారడం ఆగిపోయాక దాన్ని నిలువుగా తిప్పండి, మళ్ళీ కారడం మొదలవుతుంది. స్పాంజూ అదే, నీళ్ళూ అవే, ఎత్తు ఒక్కటే మారింది. కుండీలో కూడా ఇంతే, అడుగున నిలిచే ఆ తడి పొర మందం మట్టి ఎంత సన్నగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది, కుండీ ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు. సన్నటి బంకమట్టైతే కుండీలో చాలా భాగం ఆ పొరే ఆక్రమిస్తుంది, ముతక మిశ్రమమైతే అడుగున కొంచెం మేరే ఉంటుంది. అదే మట్టి ఆరంగుళాల ట్రేలో పోస్తే మొక్క కుళ్ళిపోయి, పదిహేనంగుళాల బ్యాగులో పోస్తే బతకడానికి కారణం ఇదే.

ఆ తడి పొరలో గాలి ఉండదు. వేరుకి నీళ్ళెంత అవసరమో ఆక్సిజన్ కూడా అంతే అవసరం, టమాటా వేరు ఒకటి రెండు రోజులు గాలి లేకుండా ఉందంటే చాలు ఆకు కాడలు కిందికి వంగి మొక్క వాడిపోయినట్టు కనిపిస్తుంది. చూసినవాళ్ళేం చేస్తారు, అయ్యో దాహమేసిందేమో అని ఇంకో చెంబు పోస్తారు. తడిలో నిలబడి వాడిపోతున్న మొక్కని ఎండకి వాడిన మొక్కలాగే చూడటం వల్ల ఎన్ని టమాటాలు పోతున్నాయో.

ఈ లెక్క అర్థమైతే అడుగున కంకర వేసే అలవాటు ఎందుకు దండగో కూడా తెలిసిపోతుంది. సన్నటి మట్టిలోంచి నీళ్ళు పెద్ద సందులున్న కంకరలోకి అంత తేలిగ్గా దిగవు, పైన మట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యాకే దిగుతాయి. అంటే తడి పొర పోలేదు, కంకర ఎంత ఎత్తు వేస్తే అంత పైకి జరిగింది, వేళ్ళకి మిగిలిన చోటు ఇంకా తగ్గింది. బెజ్జం మీద ఒక పెంకు ముక్కో పాత దోమతెర ముక్కో పెడితే సరిపోతుంది, అది కూడా మట్టి కారిపోకుండా మాత్రమే.

మరి ఎర్రమట్టి? పొలంలో బంగారమే. అక్కడ వానపాములుంటాయి, పాత వేళ్ళు కుళ్ళిన దారులుంటాయి, కిందంతా లోతు నేల ఉంటుంది. అదే మట్టిని బ్యాగులో పోసి రోజూ మగ్గుతో నీళ్ళు కొడితే నెలన్నరకి పైన పెంకు కట్టి, లోపల దిమ్మలా గట్టిపడి, నీళ్ళు పక్కల సందులోంచి జర్రున జారి కిందికి వచ్చేస్తాయి, మధ్యలో వేరు ఎండిపోయే ఉంటుంది. నల్లరేగడి సంగతి చెప్పనే అక్కర్లేదు, తడిస్తే జిగురు, ఎండితే బీటలు. ఇసుక కలిపితే నీళ్ళు దిగుతాయి కదా అంటారు, అది కూడా ఏ ఇసుక అన్నదాన్ని బట్టే. ఇంటి పని అయిపోయాక మిగిలిన రోబో సాండ్, అంటే రాళ్ళు పిండి చేసిన ఇసుక తెచ్చి కలిపేస్తుంటారు, అందులో సన్నటి రాతి పొడి ఉంటుంది, సందులు పెంచడం పోయి ఉన్నవాటిని పూడ్చేస్తుంది.

కుండీకి విడిగా మిశ్రమం కావాలన్న సంగతి పాతదే. 1930ల్లో ఇంగ్లండ్‌లో జాన్ ఇన్నెస్ సంస్థ వాళ్ళు 7 పాళ్ళు మట్టి, 3 పాళ్ళు పీట్ (చిత్తడి నేలల్లో నాచు చివికి తయారయ్యే మెత్తటి సరుకు), 2 పాళ్ళు ముతక ఇసుక అని ఒక కొలత పెట్టారు, 1960ల్లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు మట్టినే పూర్తిగా తీసేసి పీట్‌తో వర్మిక్యులైట్, పెర్లైట్ అనే, వేడికి ఉబ్బించిన తేలికపాటి ఖనిజాలు కలిపి మిశ్రమాలు చేశారు. ఇవాళ అక్కడ షాపుల్లో పాటింగ్ మిక్స్ అని అమ్మే బస్తాలు ఆ దారిలో వచ్చినవే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి బాల్కనీలో టమాటా పెట్టుకునే మనవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, గార్డెన్ సాయిల్ అని రాసున్న బస్తా రేటు తక్కువని కుండీలోకి తెచ్చుకోకండి, అది నేలలో కలపడానికి చేసింది.

మనకి పీట్ తేలిగ్గా దొరకదు, దాని స్థానంలో కొబ్బరి పీచు పొడిని ఇటుకలా నొక్కి అమ్మే కోకోపీట్ వచ్చి కూర్చుంది. మంచి సరుకే, కానీ రెండు పేచీలున్నాయి. మొదటిది ఉప్పు. కొబ్బరి పీచులో సహజంగానే పొటాషియం, సోడియం, క్లోరైడ్ ఎక్కువ, కడగని ఇటుకైతే ఆ ఉప్పంతా నేరుగా వేరుకి తగులుతుంది, నారు ఆకుల అంచులు మాడుతున్నాయంటే ముందు దీన్నే అనుమానించాలి. ఇంట్లో వాటర్ ఫిల్టర్ కోసం కొన్న, నీళ్ళల్లో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ పెన్ను ఉంటే పని తేలిక, ఇటుక నానబెట్టి గుప్పెడు తీసి పిండి, ఆ రసంలో పెన్ను ముంచండి, కుళాయి నీళ్ళ రీడింగ్‌కి దగ్గరగా వచ్చేదాకా కడిగి పారబోస్తూనే ఉండండి. ఇంకా శ్రద్ధున్నవాళ్ళు కొంచెం కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి కడుగుతారు, కోకోపీట్‌కి పట్టుకున్న సోడియం, పొటాషియం వదిలి కాల్షియం ఎక్కుతుంది, లేకపోతే మనం తర్వాత వేసే కాల్షియాన్ని అదే మింగి కూర్చుంటుంది. రెండో పేచీ, కోకోపీట్ పైకి పొడిగా కనిపిస్తూ లోపల తడిగా ఉంటుంది. పైన రంగు చూసి నీళ్ళు పోస్తే అయిపోయినట్టే, వేలు రెండంగుళాలు లోపలికి పెట్టి చూడాలి, లేదా బ్యాగుని ఒక పక్కకి ఎత్తి బరువు చూడాలి. 5 కిలోల ఇటుక నానితే 60 నుంచి 75 లీటర్లు వస్తుంది కాబట్టి ఒక్క ఇటుకతో చాలా బ్యాగులు లాగించొచ్చు.

నా లెక్క ఇదీ, పది తట్టలకి చెప్తున్నా: కడిగిన కోకోపీట్ మూడు, జల్లించిన ఎర్రమట్టి రెండు, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మికంపోస్ట్ గానీ రెండు, మిగిలిన మూడు తట్టలూ ముతక సరుకు. ఈ చివరి మూడు తట్టల దగ్గరే అందరూ పిసినారితనం చేసేది. పెర్లైట్ బానే ఉంటుంది గానీ రేటు ఎక్కువ, మనకి రైస్ మిల్లు దగ్గర ఊక ఉంది, చితక్కొట్టిన పల్లీ తొక్కలున్నాయి. ఊకలో నల్లగా బొగ్గులా కాలింది దొరికితే ఇంకా మేలు, తేలిగ్గా ఉండి ఏళ్ళ తరబడి కుళ్ళదు, తెల్లగా బూడిదైపోయింది మాత్రం వద్దు, క్షారం పెరుగుతుంది. పచ్చి ఊక వేస్తే మిగిలిన వడ్లు మొలిచి వారం పది రోజులకి టమాటా పక్కన వరి నాట్లేసినట్టు ఉంటుంది, పీకేస్తే సరి. వర్మికంపోస్ట్ మంచిదని సగానికి సగం వేసేవాళ్ళున్నారు, అది మెత్తగా టీ పొడిలా ఉంటుంది కదా, తడిసి ఆరి తడిసి ఆరి ముద్దకట్టేస్తుంది, రెండు తట్టలు దాటనివ్వకండి. నలభై లీటర్ల బ్యాగుకి రెండు మూడు గుప్పెళ్ళ వేప పిండి, ఒక గుప్పెడు ఎముకల పొడి కలిపి, తడిపి పది రోజులు మగ్గనిచ్చి అప్పుడు నారు పెట్టండి.

కలిపింది బాగుందో లేదో మొక్క పెట్టకముందే తెలుసుకోవచ్చు. బ్యాగు నింపి అడుగునుంచి కారేదాకా తడపండి, కాసేపాగి ఇంకో లీటరు ఒకేసారి పోయండి. నీళ్ళు పైన మడుగు కట్టి నిలబడ్డాయంటే ముతక సరుకు తక్కువైనట్టు. అర నిమిషంలోపే లోపలికి దిగిపోవాలి. అరగంటయ్యాక లోపల్నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ మధ్యనుంచి నాలుగు చుక్కలు రావాలి, ధార రాకూడదు, చెయ్యి తెరిస్తే ముద్ద వేలు తగలగానే విడిపోవాలి.

బ్యాగు సైజు దగ్గర మొహమాటం వద్దు. 12 బై 12 అంగుళాల గ్రో బ్యాగులో పట్టేది దాదాపు 22 లీటర్లు, అర్కా వికాస్‌కో చిన్న చెర్రీ రకానికో సరిపెట్టుకోవచ్చు. హెయిర్‌లూమ్‌లు చాలావరకు ఆగకుండా తీగలా సాగుతూ పోయే రకాలు, ఆరేడు అడుగులు లేస్తాయి, వాటికి 15 బై 15 కావాలి, అంటే 43 లీటర్లు, బ్యాగుకి ఒకటే మొక్క. చోటుందని రెండు పెడితే నీళ్ళకీ తిండికీ రెండూ పోటీపడతాయి, ఒక్కోదానికి కాయలు తగ్గిపోతాయి. ఆ 43 లీటర్లూ తడి ఎర్రమట్టితోనే నింపితే డెబ్భై కిలోల దాకా తూగుతుంది, పైన చెప్పిన మిశ్రమమైతే అందులో సగం మీద కాస్త ఎక్కువుంటుంది, స్లాబ్ మీద పదీ ఇరవై బ్యాగులు పెట్టేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. బీముల మీదుగా, గోడల వెంబడి పేర్చుకోండి. నల్ల బ్యాగులైతే పడమటెండ తగిలే వైపు గోనెపట్టా చుట్టండి, లోపల వేరు ఉడికిపోతుంది.

ఎరువు దగ్గర ఒక నిజం ఒప్పుకోవాలి. గుల్లగా ఉన్న మిశ్రమంలో నీళ్ళెంత తేలిగ్గా దిగుతాయో పోషకాలు కూడా అంతే తేలిగ్గా కొట్టుకుపోతాయి. జీవామృతం పోస్తున్నాం కదా అంటారు, నాకు జీవామృతం మీద కోపమేం లేదు, కానీ 200 లీటర్ల నీళ్ళల్లో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి కలిపిన దాంట్లో నత్రజని ఎంతుంటుంది చెప్పండి? అది నేలలో ఉన్న జీవాల్ని లేపడానికి చేసింది, వేళ్ళు అటూ ఇటూ పాకి వెతుక్కునే పొలంలో సరే, నలభై లీటర్ల బ్యాగులో అదొక్కటే తిండి అంటే టమాటా పస్తులుంటుంది. పల్లీ చెక్కలో నత్రజని ఏడు శాతం దాకా ఉంటుంది, గుప్పెడు నానబెట్టి పులిసిన నీళ్ళు బాగా పల్చన చేసి పది పన్నెండు రోజులకోసారి పోయండి, నెలకోసారి పైన రెండు గుప్పెళ్ళ వర్మికంపోస్ట్ వేయండి. రసాయనాలంటే పట్టింపు లేనివాళ్ళు నీళ్ళల్లో కరిగే ఎరువుల్లో (అంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) మొదట్లో 19-19-19, పూత మొదలయ్యాక 13-0-45 లీటరుకి రెండు గ్రాములు చొప్పున ఇచ్చుకోవచ్చు. పూత టైములో చెక్క నీళ్ళు గానీ యూరియా గానీ ఎక్కువ కొట్టారంటే మొక్క ముదురాకుపచ్చగా గుబురుగా ఎదుగుతూ ఉంటుంది, పూలు మాత్రం బాగా తగ్గిపోతాయి.

ఇప్పుడు ఆ నల్ల అడుగుల సంగతి. కాయ కింది భాగం ముందు నీరు పట్టినట్టయి, తర్వాత తోలులా నల్లగా అణిగిపోతుంది. చూడగానే పురుగు మందు కొడతారు, అది తెగులే కాదు, కొట్టి ఏం లాభం. ఆ భాగానికి కాల్షియం అందలేదు, అంతే. వెంటనే గుడ్డు పెంకులు దంచి పోస్తారు, అవి కరగడానికి ఎన్నో నెలలు పడుతుంది, ఈ సీజన్ కాయకి అందేదేమీ ఉండదు. పైగా హైదరాబాద్ బోరు నీళ్ళల్లో కాల్షియం దండిగా ఉంటుంది, గీజర్ రాడ్ మీద పేరుకునే తెల్ల పెచ్చులు ఏంటనుకున్నారు? కాల్షియం మొక్కలోకి నీళ్ళతో పాటే ఎక్కుతుంది, నీళ్ళు ఎటు ఎక్కువ ఆవిరైతే అటు పోతుంది, ఆకులు బోలెడు ఆవిరి చేస్తాయి, కాయ దాదాపు చెయ్యదు. కాబట్టి ఒకపూట ఎండగట్టి ఒకపూట ముంచెత్తితే కొరత పడేది ముందు కాయ కొసకే. పుష్టిగా ఉన్న మొక్క ఎండ రోజుల్లో రెండు మూడు లీటర్లు తాగేస్తుంది, చిన్న బ్యాగులో అంత నీళ్ళు నిలవవు, సాయంత్రానికి ఎండుతుంది. పెద్ద బ్యాగు, పైన రెండంగుళాల వరిగడ్డి, పొద్దున్నే ఒకే టైముకి నీళ్ళు, వీటితోనే చాలావరకు తగ్గిపోతుంది. పల్చటి తోలు కాయలు పగిలేది కూడా ఇందుకే, వారం వాడగొట్టి ఒకేసారి ముంచితే లోపల కండ ఉబ్బుతుంది, తోలు సాగలేక చిట్లుతుంది.

ఎండల సంగతి చెప్తానన్నా కదా. టమాటాకి రాత్రి 15 నుంచి 20 డిగ్రీలుంటే కాయ బాగా నిలుస్తుంది, పగలు 35 దాటి రాత్రి 24 కూడా దిగకపోతే పుప్పొడి పనిచెయ్యదు, పూలు కాడ దగ్గర పసుపు తిరిగి రాలిపోతాయి. 30 దాటిన వేడిలో ఎర్ర రంగు కూడా సరిగ్గా పట్టదు, నారింజ దగ్గరే ఆగిపోతుంది. అందుకని హైదరాబాద్, వరంగల్ వైపు ఆగస్టు చివర్లో సెప్టెంబర్‌లో గింజ వేస్తే పూత నవంబర్, డిసెంబర్ చలిలో పడుతుంది. విజయవాడ, కాకినాడ వైపు చలి తక్కువ, ఉన్న ఆ కొద్ది చల్లని రోజులు పూతకి దొరికేలా సెప్టెంబర్ చివర వేసుకుంటే మంచిది, లావుకాయ రకాల మీద మరీ ఆశ పెట్టుకోకుండా నాటు, చెర్రీ రకాలు ఎక్కువ పెట్టుకోండి. 2023 జులైలో కిలో నూట యాభై దాటినప్పుడు మండిపోయి మిద్దె మీద టమాటా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది, కానీ మదనపల్లె మార్కెట్టుకే సరుకు సరిగ్గా రాని కాలంలో మన మిద్దె మీద బ్రాండీవైన్ కాయాలంటే ఎలా కాస్తుంది!

నారు పాతిక ముప్పై రోజులకి మార్చేటప్పుడు కింది ఆకులు గిల్లేసి కాండం సగం దాకా మట్టిలో పూడ్చండి, పూడిన చోటంతా వేళ్ళు వస్తాయి. కర్ర అప్పుడే పాతేయండి. మొదటి నెల తెల్లదోమ నెట్ కప్పితే ఆకుముడత చాలావరకు తప్పుతుంది, ముడత వచ్చిన మొక్క బాగుపడదు, జాలిపడకుండా పీకేయండి. పది గంటల వేళ పూల గుత్తిని వేలితో కాస్త తట్టితే పుప్పొడి రాలుతుంది.

విత్తనం కోసం బాగా కాసిన మొక్క మీద మొదటి గుత్తుల్లోనే ఒకదాన్ని పూత విచ్చకముందే రిటర్న్ గిఫ్టుల్లో వచ్చే నెట్ పౌచ్‌లో కట్టేయండి, టమాటా తన పూతతో తానే కడుతుంది గానీ బ్రాండీవైన్ లాంటి కొన్నింట్లో తేనెటీగ వల్ల వేరే రకం పుప్పొడి కలిసే వీలుంది. పండాక గింజల గుజ్జు గ్లాసులో రెండు మూడు రోజులు పులియనిచ్చి, కడిగి, స్టీలు పళ్ళెంలో నీడన ఆరబెట్టండి, కాగితం మీద వేస్తే అతుక్కుపోతాయి. పంట అయ్యాక పాత మిశ్రమం పారేయక్కర్లేదు, వేరు తీసి చూడండి, గడ్డలు గడ్డలుగా ఉంటే నులిపురుగులు పట్టినట్టు, ఆ ఒక్కటీ వదిలించుకోండి. మిగతాది తడిపి పారదర్శక పాలిథిన్ కప్పి మే ఎండలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచి, వానలు పడ్డాక కొత్త ఎరువు, రెండు మూడు గుప్పెళ్ళ ఊక కలిపి తోటకూరో బీరపాదో పెట్టుకోండి. వంగ, మిరప మాత్రం అందులో వద్దు, టమాటా తెగుళ్ళలో చాలావరకు వాటికీ వస్తాయి.